కిటికీకి థర్మామీటరు



గోడ పత్రికలో ఈసారి నా వంతు వచ్చింది. కథ రాయరా అన్నారు కొందరు, కవిత రాయరా అన్నారు ఇంకొందరు. నాకు ఆ రెండూ రావు. మా సైన్సు జట్టు మార్చి నుంచి ఒక కిటికీ వెనకాల పడి తిరిగింది కాబట్టి దాని గురించే రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ముందు చివరిదాకా చదవండి. ఎందుకంటే ఆఖర్న మీ అందరితో ఒక పని ఉంది.

అసలు ఎందుకు మొదలైంది?

విశాఖపట్నాన్ని ఉక్కు నగరం అంటారు. మార్చి దాటిందంటే మనకి మాత్రం ఇది ఉక్క నగరం. మనలో చాలామందిమి పాడేరు, చింతపల్లి, అరకు వైపు కొండల్లోంచి వచ్చినవాళ్ళం. లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో చలి సున్నా డిగ్రీల దరిదాపులకి దిగుతుంది. ఆ ఊరికి కొర్ర బయలు అని ఇంకో పేరు. రాత్రిపూట బయట ఉండిపోతే కొర్రలాగ బిగుసుకుపోతారని ఆ పేరుకి అర్థం చెబుతారు. అలాంటి చోటునుంచి వచ్చినవాడికి సముద్రపు ఒడ్డు వేసవి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

మా ఊరి పిల్లాడు ఒకడు ఐదో తరగతిలో ఉన్నాడు. వాడి మంచం కింది అంతస్తు పడమటి డార్మిటరీలో. మార్చి నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "అన్నియ్యా, నాను ఉండనొల్లను. ఒల్లంతా సెమటే. ఇంటికెల్లిపోతాను" అన్నాడు. ఊరికే బెదిరిస్తున్నాడేమో అనుకున్నాను. తెల్లారి చూస్తే పెట్టె సర్దుకున్నాడు. ఇంటికెళ్ళిపోయినవాడు మళ్ళీ బడికొస్తాడని నమ్మకం లేదు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

వాడిని వరండాలో పడుకోమని ఆపాను. తర్వాత సైన్సు మేష్టారిని అడిగాను, "ఆ గది అంత వేడిగా ఎందుకుందండీ, పైన ఇంకో అంతస్తు ఉంది కదా, స్లాబు ఎండ తగలదు కదా?" అని. ఆయన సమాధానం చెప్పలేదు. "కొలిచి నాకే చెప్పు" అన్నారు. అలా మొదలైంది.

వేడికి మూడు దారులు

ఇది తొమ్మిదో తరగతి వాళ్ళకి తెలుసు, చిన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటునుంచి తక్కువ ఉన్న చోటికే పోతుంది. పోవడానికి దానికి మూడు దారులు.

మొదటిది వహనం. పప్పు గరిటె కొస పొయ్యిమీద గిన్నెలో ఉంటే, కాసేపటికి మన చేతిలో ఉన్న పిడి కూడా కాలుతుంది. వేడి లోహంలోంచి నడిచి వచ్చిందన్నమాట. రెండోది సంవహనం. వేడెక్కిన గాలి పైకి లేచి, ఆ చోటికి చల్లగాలి వస్తుంది. సాయంత్రం సముద్రం మీంచి మనకి గాలి వీచేది ఇందువల్లే. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, దానిమీది గాలి పైకి పోతుంది, నీటిమీది చల్లగాలి ఆ చోటుకి పరిగెత్తుకొస్తుంది. రాత్రి నేల తొందరగా చల్లారుతుంది కాబట్టి గాలి ఎదురు తిరుగుతుంది. మూడోది వికిరణం. నెగడు దగ్గర కూర్చుంటే ముందు వైపు కాలుతుంది, వీపు చల్లగానే ఉంటుంది. మధ్యలో గాలి వేడెక్కకుండానే మంట వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. సూర్యుడి వేడి మనకి వచ్చేది ఈ దారినే.

ఈ మూడు దారులకీ అడ్డం పెడితే వేడిని ఆపినట్టే. 1892లో జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త ఇదే చేశాడు. రెండు గాజు గోడల మధ్య గాలి తీసేశాడు, అద్దంలా మెరిసే పూత వేశాడు. మనం టీ పోసుకునే ఫ్లాస్కు పుట్టుక అదే. గాలి లేదు కాబట్టి వహనం, సంవహనం లేవు. మెరిసే పూత వికిరణాన్ని వెనక్కి కొడుతుంది.

కిటికీ అంటే గోడకి పడ్డ కన్నం

మా కొండ ఊళ్ళో పాత ఇళ్ళకి పెద్ద కిటికీలు ఉండవు. మందపాటి మట్టి గోడ, కిందికి వంగిన గడ్డి కప్పు, వంగి దూరే గుమ్మం. పట్నం వాళ్ళు చూసి చీకటి ఇల్లు అంటారు. కానీ గడ్డి పరకల మధ్య, గుల్లగా ఉన్న మట్టిలో గాలి చిక్కుకుపోయి ఉంటుంది. కదలని గాలికి మించిన దుప్పటి లేదు. మామూలు గాజు పలక, కదలని గాలికంటే సుమారు 40 రెట్లు సులువుగా వేడిని దాటిస్తుంది. పైగా మన కిటికీ అద్దం మందం నాలుగైదు మిల్లీమీటర్లే.

ఎంత వేడి దాటుతుందో చెప్పడానికి ఇంజనీర్లు ఒక అంకె వాడతారు. దాన్ని యూ విలువ అంటారు. చదరపు మీటరు అద్దానికి, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, ఎన్ని వాట్ల వేడి దాటుతుందో అదే యూ విలువ. ఒంటి అద్దానికి ఇది సుమారు 5.7. రెండు అద్దాలు పెట్టి మధ్య పొడి గాలి బంధిస్తే సుమారు 2.8. దానికి కనిపించని వెండి పూత కూడా వేస్తే రెండు కంటే కిందికి వస్తుంది.

ఇక్కడే నేను తప్పులో కాలేశాను. "మేష్టారూ, జంట అద్దాలు పెట్టిస్తే సరిపోతుంది" అన్నాను. ఆయన లెక్క వెయ్యమన్నారు. మధ్యాహ్నం కంప్యూటర్ ల్యాబులో ఏసీ వేసి లోపల 26, బయట 36 ఉందనుకోండి. తేడా 10 డిగ్రీలు. 5.7 ని 10 తో గుణిస్తే చదరపు మీటరుకి 57 వాట్లు. ఒక చిన్న ఫ్యాను తినే కరెంటంత. మరి అదే పడమటి అద్దం మీద సాయంకాలపు ఎండ నేరుగా పడితే? చదరపు మీటరుకి ఆరేడు వందల వాట్లు పడతాయి. మామూలు తెల్ల అద్దం అందులో నూటికి ఎనభై వంతుల దాకా లోపలికి వదిలేస్తుంది. అంటే సుమారు 500 వాట్లు. సగం ఇస్త్రీ పెట్టె వేసి గదిలో పెట్టినట్టు.

57 ఎక్కడ, 500 ఎక్కడ! చలి దేశాల్లో శత్రువు వహనం, అందుకే అక్కడ జంట అద్దాలు. విశాఖలో పడమటి కిటికీకి మొదటి శత్రువు ఎండ. కాబట్టి మనకి ముందు కావలసింది నీడ. ఈ సంగతి లెక్క వెయ్యకముందు నాకు తెలియదు.

సెన్సర్ అంటే ఏమిటి?

థర్మామీటరు చదవాలంటే మనిషి దగ్గర నిలబడాలి. సెన్సర్ తనంతట తనే చదివి, వైరు గుండా అంకె పంపిస్తుంది. దానికి చిన్న కంప్యూటర్ తగిలిస్తే, ఆ అంకెని రాసి పెట్టుకుంటుంది, ఇంత దాటితే గంట కొట్టు అంటే కొడుతుంది. అప్పుడు దాన్ని తెలివైన సెన్సర్ అంటున్నారు. నిజానికి తెలివి దానిది కాదు, ఏ అంకె దగ్గర గంట కొట్టాలో చెప్పినవాడిది.

బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలైన పథకం కింద వచ్చాయి. మా ల్యాబు డబ్బాలో దొరికినవి మూడు రకాలు.

ఒకటి, డీహెచ్‌టీ 11. చిన్న నీలం డబ్బా, దానికి కన్నాలు. ఉష్ణోగ్రతతో పాటు గాలిలో తేమ కూడా చెబుతుంది. చౌక, కానీ రెండు డిగ్రీల దాకా అటూ ఇటూ చెప్పొచ్చు.

రెండు, డీఎస్ 18 బీ 20. స్టీలు గొట్టంలో ఉంటుంది, నీళ్ళలో ముంచినా పాడవదు. అర డిగ్రీ తేడాలో చెబుతుంది. దీని గొప్పతనం ఏమిటంటే, ప్రతి ముక్కకీ తయారీలోనే ఒక ప్రత్యేక సంఖ్య వేస్తారు, మన హాజరు పట్టీలో నంబరులాగ. ఒకే వైరుకి పది తగిలించినా, ఎవరు ఏం చెప్పారో కంప్యూటర్ పోల్చుకుంటుంది.

మూడు, అయస్కాంతపు స్విచ్చి. కిటికీ రెక్కకి అయస్కాంతం, చట్రానికి స్విచ్చి. రెక్క మూసి ఉంటే లోపలి సన్నటి లోహపు రేకులు రెండూ అంటుకుంటాయి. తెరిస్తే విడిపోతాయి. ఏసీ వేసి కిటికీ తెరిచి పెడితే పట్టేస్తుంది.

రేవులో రొయ్యల పెట్టె, కర్మాగారంలో కొలిమి

ఇదంతా పిల్లల ఆట అనుకోకండి. మన ఊళ్ళో కోట్ల రూపాయల వ్యాపారం ఈ సెన్సర్ల మీదే నడుస్తోంది.

హైవే మీద తెల్లటి కంటైనర్ లారీలు పోతుంటే చూసే ఉంటారు. ఒక పక్క ఫ్యాను, యంత్రం ఉంటాయి. వాటిని రీఫర్లు అంటారు. విశాఖపట్నం రేవు 1933లో తెరిచారు. ఈనాడు దేశంలో రొయ్యలు ఎక్కువగా ఎగుమతి చేసే రేవుల్లో ఇదొకటి. గడ్డకట్టించిన రొయ్యల్ని సున్నాకి 18 డిగ్రీలు కింద ఉంచి ఓడ ఎక్కించాలి. బయట 36, లోపల మైనస్ 18. తేడా 54 డిగ్రీలు! గోడల్లో నాలుగు వేళ్ళ మందాన ఫోము ఉంటుంది. అది కూడా చిక్కుబడ్డ బుడగలే, మన గడ్డి కప్పు చేసే పనే చేస్తుంది. చల్లగాలి నేలమీది గాడుల్లోంచి బయల్దేరి, సరుకు చుట్టూ తిరిగి, పైనుంచి వెనక్కి వస్తుంది. వెళ్ళే గాలికి ఒక సెన్సర్, తిరిగొచ్చే గాలికి ఒక సెన్సర్. ఈ రెండు అంకెల మధ్య దూరం పెరుగుతోందంటే ఎక్కడో వేడి దూరుతోందన్నమాట. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ చిరిగిందేమో, తలుపు సరిగా పడలేదేమో అని అనుమానించాలి. అంకెలన్నీ లోపలే నమోదవుతాయి. దారిలో సరుకు పాడైతే, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకి వేడెక్కిందో ఆ లెక్కే సాక్ష్యం చెబుతుంది.

ఇంక ఉక్కు కర్మాగారం. దీనికి 1971 జనవరిలో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. అక్కడి మూడు బ్లాస్టు ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. లోపల కరిగిన ఇనుము 1500 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ వేడిని ఆపేది కొలిమి లోపల పేర్చిన ఇటుకల గోడ, దాన్ని చల్లార్చే నీరు. ఇటుక అరిగిపోతోందా లేదా అని లోపలికి వెళ్ళి చూడలేం కదా! అందుకని ఇలాంటి కొలుముల గోడల్లో థర్మోకపుల్స్ పాతిపెడతారు. రెండు వేరు వేరు లోహాల తీగలు ఒక చివర కలిపి వేడి చేస్తే కొంచెం విద్యుత్తు పుడుతుంది. 1821లో సీబెక్ కనిపెట్టిన సంగతి ఇది. గోడలో ఒకచోట అంకె పెరుగుతూ పోతోందంటే అక్కడ ఇటుక పలచబడిందని అర్థం.

ఆ కర్మాగారంలో ఇంకో పని కూడా నాకు నచ్చింది. బొగ్గుని ఓవెన్లలో కాల్చి కోక్ చేస్తారు. బయటికి తీసేటప్పుడు అది సుమారు వెయ్యి డిగ్రీలు ఉంటుంది. మామూలుగా నీళ్ళు గుమ్మరించి చల్లారుస్తారు, వేడంతా ఆవిరై ఆకాశంలోకి పోతుంది. విశాఖ ఉక్కులో మాత్రం నీళ్ళు కాకుండా, మూసిన గదిలో నైట్రోజన్ వాయువు తిప్పి చల్లారుస్తారు. వేడెక్కిన వాయువుతో నీళ్ళు మరిగించి, ఆ ఆవిరితో కరెంటు తీస్తారు. దేశంలో ఈ పద్ధతి మొదట పెట్టింది ఇక్కడే. వేడిని పారబోయకూడదు, దొంగతనంగా రానివ్వకూడదు. కొలిమికైనా, కిటికీకైనా సూత్రం ఒక్కటే.

మేం కొలిచింది

ముందుగా చేసిన తప్పులు చెబుతాను, మీరు చెయ్యకుండా ఉంటారని.

మొదటి రోజు బయటి సెన్సర్ని ఎండలోనే కట్టేశాం. 47 చూపించింది. మేం కేకలు పెట్టుకుంటూ మేష్టారి దగ్గరికి పరిగెత్తాం. "అది గాలి వేడి కాదురా, స్టీలు గొట్టం వేడి" అన్నారు. సెన్సర్ ఎప్పుడూ తన ఒంటి వేడే చెబుతుంది. గాలి వేడి కావాలంటే నీడలో, గోడకి దూరంగా వేలాడదీయాలి. రెండో తప్పు, నాలుగు సెన్సర్లనీ పోల్చకుండానే పెట్టేశాం. తర్వాత ఐసు నీళ్ళ గ్లాసులో నాలుగూ ముంచి, ఏది ఎంత తేడా చెబుతోందో రాసుకుని, ఆ తేడా తీసేయడం మొదలెట్టాం.

ఏప్రిల్ మొదటి వారంలో సాయంత్రం నాలుగు గంటలకి మా నోటుబుక్కులో అంకెలు ఇవి. బయట నీడలో 34. డార్మిటరీ మధ్యలో 37. పడమటి కిటికీ లోపలి వైపు 46!

46 ఎందుకంటే, ఎండ పడకుండా మనమే అద్దానికి లోపలి వైపు పాత పేపర్లు అంటించాం. వెలుతురు ఆగింది, నిజమే. కానీ ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది. పేపరు ఆ వేడిని తాగి, తనే పొయ్యిలా మారి, గదిలోకి వదులుతోంది. దొంగని ఇంట్లోకి రానిచ్చి, హాల్లో తలుపు వేసినట్టు.

రాత్రి పదింటికి ఇంకా చిత్రం. బయట 28.5, లోపల 33. బయట చల్లబడింది, గది చల్లబడలేదు. కారణం కనపడుతూనే ఉంది. పడమటి వైపు మూడు కిటికీలకీ మేకులు కొట్టేసి ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకి 180 కిలోమీటర్ల దరిదాపు గాలితో ఈ ఊరి మీద పడింది. ఊరంతా అద్దాలు పగిలాయి. తర్వాత ఎప్పుడో, కొక్కేలు విరిగిన రెక్కలు గాలికి కొట్టుకోకుండా మేకులు కొట్టారట. అప్పటికి అది మంచి పనే. కానీ మేకులు అలాగే ఉండిపోయాయి. తూర్పు కిటికీలు దోమల భయానికి సాయంత్రం ఆరింటికే మూసేస్తున్నాం. మలేరియా అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు కాబట్టి అదీ తప్పు కాదు. అన్నీ మంచికి చేసినవే, అన్నీ కలిసి గదిని పొయ్యి చేశాయి.

కేంద్ర విద్యుత్ పొదుపు సంస్థ 2018లో ఇళ్ళ కోసం ఎకో నివాస్ సంహిత అని ఒక నియమావళి తెచ్చింది. అందులో విశాఖలాంటి వేడి, తేమ ఉన్న ఊళ్ళకి ఒక కొలత ఉంది. బయటికి తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, తలుపులు కలిపి నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు ఉండాలి. అది మన పాత హాస్టలు కోసం రాసింది కాదు గానీ, కొలబద్దగా వాడుకోవచ్చు కదా! మా గది 30 అడుగులకి 20, అంటే 600 చదరపు అడుగులు. ఆరో వంతు 100. ఆరు కిటికీలు ఒక్కోటి 16 చొప్పున 96, వరండా తలుపు 24. మొత్తం 120. కాగితం మీద పాసు. మేకులున్న మూడూ తీసేస్తే 72. ఫెయిలు. రాత్రి తలుపు, తూర్పు కిటికీలు కూడా వేసేస్తే సున్నా.

మేం చేసింది

పట్నంలో అద్దానికి నల్ల ఫిల్ము అంటిస్తారు, ఖర్చు ఎక్కువ. వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లితే అనుకున్నాం. డీహెచ్‌టీ సెన్సర్ వద్దంది. గాలిలో తేమ చాలా సాయంత్రాలు నూటికి డెబ్భై దాటుతోంది. నీళ్ళు ఆవిరవ్వాలంటే పొడి గాలి కావాలి. లోపలి జిల్లాల్లో పనిచేసే ఉపాయం సముద్రపు ఒడ్డున అంతగా పనిచెయ్యదు, ఉన్న ఉక్కకి ఇంకొంచెం తేమ తోడవుతుంది.

అప్పుడు ఒకడు అన్నాడు, "పొడి తడికే కడదాం. బయటనుంచి కడదాం." వార్డెన్ సారు వెదురు, దోమల జాలీ, కొత్త కొక్కేలు కొనిచ్చారు. వెదురు బద్దలు చీల్చడం, తడిక అల్లడం మనకి ఒకరు నేర్పాలా? రెండు ఆదివారాల్లో రెండు తడికలు అయ్యాయి. కిటికీకి జానెడు దూరంలో బయట వేలాడదీశాం. తడిక వేడెక్కినా, మధ్యలో గాలి ఆడి ఆ వేడిని బయటే పట్టుకుపోతుంది. రెండు కిటికీల మేకులు, పేపర్లు పీకేసి, కొక్కేలు బిగించి, జాలీ కొట్టాం. మూడో కిటికీకి వెదురు చాలలేదు, అలాగే వదిలేశాం.

వదిలెయ్యడమే మంచిదయింది. ఒకే గది, ఒకే ఎండ, ఒకే గంట. తడిక ఉన్న అద్దం 36, లేనిది 46. గది మధ్యలో 35. రాత్రి పదింటికి కిటికీలు తెరిచి జాలీతో పడుకుంటే 30.

రెండు, మూడు డిగ్రీలే కదా అంటారేమో. నిజమే, ఇదేమీ ఏసీ కాదు. కానీ గాలి ఆడుతోంది, చెమట ఆరుతోంది. ఫ్యాను గాలిని చల్లబరచదు, ఉన్న గాలినే తిప్పుతుంది. అది తిప్పేది 33 డిగ్రీల గాలా, 30 డిగ్రీల గాలా అన్నదే తేడా.

కరెంటు లెక్క

మన కంప్యూటర్ ల్యాబులో టన్నున్నర ఏసీ ఉంది. టన్ను అంటే యంత్రం బరువు కాదు. ఒక టన్ను ఐసు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని తోడిపోసే శక్తి. టన్నుకి మూడున్నర వేల వాట్లు, టన్నున్నరకి సుమారు 5200 వాట్ల వేడి. ల్యాబులో పడమటి అద్దాలు రెండు చదరపు మీటర్ల పైన ఉన్నాయి. ఎండ పడినప్పుడు వెయ్యి వాట్ల పైనే లోపలికి వస్తోంది. అంటే సాయంత్రం పూట ఏసీ శక్తిలో అయిదో వంతు, కేవలం ఆ కిటికీ తెచ్చిన ఎండని బయటికి తోడటానికే సరిపోతోంది. చిల్లు కుండతో నీళ్ళు మోసినట్టు.

2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలయ్యేలా నియమం పెట్టారు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు నూటికి ఆరు వంతుల కరెంటు మిగులుతుందని ఆ విద్యుత్ పొదుపు సంస్థే చెబుతోంది. మనవాళ్ళు రాగానే 18 నొక్కుతారు. 18 నొక్కితే తొందరగా చల్లబడదు మిత్రులారా, ఎక్కువసేపు నడుస్తుంది, అంతే.

ఫ్యాన్ల మాట. పాత ఫ్యాను 75 వాట్లు. ఎనిమిది ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే 7.2 యూనిట్లు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లే. అవైతే మూడు యూనిట్ల లోపే. పాతవి పాడైనప్పుడల్లా కొత్త రకం కొంటే మంచిదని మనవి.

మీరూ చేసి చూడండి

ల్యాబులో రాత్రిపూట ఏసీ వేసి, లోపల 24, బయట 32 ఉన్నప్పుడు అద్దానికి లోపలి వైపు సెన్సర్ అంటించండి. 30 దగ్గర చూపిస్తే అది ఒంటి అద్దం. 27 దగ్గర చూపిస్తే జంట అద్దం.  అద్దం మధ్యలో కంటే చట్రం అంచున వేడి బాగా ఎక్కువుంటే, సందుల్లోంచి గాలి దూరుతోందేమో అని అనుమానించాలి. ఒక్క అగరుబత్తి వెలిగించి అంచు దగ్గర పెడితే పొగ చెప్పేస్తుంది. దానికి సెన్సర్ కూడా అక్కర్లేదు.

ఆఖరి మాట

సెన్సర్ గదిని చల్లబరచలేదు. ఎక్కడ తప్పుందో వేలు పెట్టి చూపించింది. మేకు పీకింది, తడిక అల్లింది మనం. ముందు గదంతా వేడి అని గోల పెట్టేవాళ్ళం, ఎవరూ పట్టించుకోలేదు. "పడమటి కిటికీ 46" అని నోటుబుక్కు చూపించేసరికి వార్డెన్ సారు ఆ రోజే వచ్చి చెయ్యి పెట్టి చూశారు. అంకెకి ఆ బలం ఉంది. ఫిర్యాదు రాసేముందు కొలిచి రాద్దాం.

వార్డెన్ సారుకి మా జట్టు మనవి: మూడో కిటికీ, పక్క డార్మిటరీలో మేకులున్న మూడు కిటికీలు, ల్యాబు కిటికీలు రెండు. మొత్తం ఆరు. వెదురు, జాలీ, కొక్కేలు ఇప్పించండి చాలు, కూలి మాది. ఒక్క జాగ్రత్త. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పినా, రేవులో ప్రమాద సూచిక ఎగరేసినా, మొదట తడికలు దించి లోపల పెట్టాలి, రెక్కలు వేసి కొక్కేలు బిగించాలి. దానికి వంతులవారీగా పేర్లు రాసి ఈ పత్రిక పక్కనే అంటిస్తాం. అక్టోబరు లోపల ఈ పని అయిపోవాలి.

మిత్రులారా, ఈ ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కత్తులు పట్టుకుని బావి దగ్గరికి రండి. తడిక అల్లడం రానివాళ్ళు బద్దలు అందివ్వండి.

మా ఊరి పిల్లాడి సంగతి చెప్పలేదు కదూ. వేసవి సెలవులకి పెట్టె సర్దుకుని వెళ్ళాడు. జూన్‌లో బడి తెరిచిన రెండో రోజు అదే పెట్టెతో వచ్చాడు. ఇప్పుడు తడిక ఉన్న కిటికీ పక్క మంచం నాదంటే నాదని ఇంకొకడితో దెబ్బలాడుతున్నాడు.

ఇట్లు,
సైన్సు జట్టు తరఫున,
పదో తరగతి విద్యార్థి